పేరు లేని తల

కురుమియామ కోటలో తలలు నరుక్కొచ్చే పని మగవాళ్లది, వాటిని కడిగే పని ఆడవాళ్లది. అన్నం వండినట్టే, బట్టలు ఉతికినట్టే ఇదీ ఒక ఇంటిపని అన్నట్టు తెచ్చి గుమ్మం ముందు పెట్టి తమ దారిన తాము వెళ్లిపోయేవారు. యుద్ధమంటే అందరూ కత్తులూ గుర్రాలూ అనే చెబుతారు. ఒక్క తలకు పట్టిన బురదా నెత్తురూ వదలాలంటే ఎన్ని చెంబుల నీళ్లు మోసుకురావాలో ఆ చెప్పేవాళ్లలో ఒక్కడికీ తెలియదు.

ఆ కోట ఏలే హినోసె వారికీ కొండ అవతలి ముగితాని వారికీ ఏటి నీళ్ల దగ్గర మొదలైన గొడవ అది. ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారో అడిగితే ఎవరి కథ వాళ్లు చెబుతారు. ఆ శరత్కాలంలో మాత్రం రోజూ పోరే. పొద్దు వాలేసరికి కోట పడమటి కొట్టు ముందు తలలు వచ్చి పడేవి. ఆ కొట్టులో పనిచేసే ఆడవాళ్లలో మినె ఒకతె. ఆమె భర్త నాగై మతబె హినోసె దొర కొలువులో ఈటె పట్టినవాడు, ముగితాని వారి చేతిలోనే పోయాడు. ఉన్న ఒక్క కొడుకు గెన్షిరో ఇప్పుడు తండ్రి ఈటె భుజాన వేసుకుని తిరుగుతున్నాడు.

తల వచ్చిందంటే ముందు చన్నీళ్లతో కడగాలి. జుట్టు విప్పి దువ్వి ఎత్తుగా ముడి వెయ్యాలి. గాయాలుంటే బియ్యప్పిండి అద్ది కప్పెయ్యాలి. ఆఖరున చచ్చినవాడి పేరూ చంపినవాడి పేరూ రాసిన చీటీ జుట్టుకు కట్టాలి. పేరున్న తల పీట ఎక్కుతుంది. దొర కవచం తొడుక్కుని వచ్చి దాన్ని చూస్తాడు, దాని ముందు బియ్యపు సారా, సాకె, పోయిస్తాడు. తర్వాత ముగితాని వారి గుడి నుంచి సన్యాసి వచ్చి, తమవాళ్లెవరో పోల్చుకుని, తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోతాడు. అక్కడ పెళ్లాం పిల్లలు కడుపారా ఏడ్చి కర్మకాండ చేసుకుంటారు. పేరు లేని తల గుర్రపుశాల వెనక గోతిలోకి పోతుంది. అది ఎవరి కొడుకో, ఎవరి మొగుడో, ఏ గుమ్మంలో ఎవరు ఎదురుచూస్తున్నారో ఇక ఎవరికీ అక్కర్లేదు. మినె ఆ గోతి వైపు ఎప్పుడూ చూసేది కాదు.

పేరు తెలియకపోయినా పీట ఎక్కే దారి ఒకటుంది. పెద్దింటి మగవాళ్లు కొందరు, పెళ్లయిన ఆడవాళ్ల లాగే, పళ్లకు నలుపు వేసుకుంటారు. నల్లపళ్ల తల వచ్చిందంటే అది ఎవరో గొప్పవాడిదే అని లెక్క. తుప్పు మేకులు నానేసిన ఇనప రసమూ, మాచికాయ పొడీ ఆ కొట్టులో ఎలాగూ ఉండేవి. అందుకని కుర్రాళ్లు అటూ ఇటూ చూసి గుసగుసగా వచ్చేవారు.

"కుమె అత్తా, నా తలకి కాస్త నలుపు వెయ్యవూ?"

కుమె ఆ కొట్టులో అందరికంటే పెద్దది. పళ్లు ఊడాయి గానీ నోరు ఊడలేదు. "నీ తలకా, నువ్వు తెచ్చినదానికా? నీకైతే చెప్పరా. నలుపేసి, పిండి రాసి ఈ రోజే ఎవడికో ఒకడికిచ్చి పెళ్లి చేసేస్తాను" అనేది. తిడుతూనే నలుపు వేసి పంపేది. అందరికీ తెలిసిన దొంగతనమే అది. పైవాళ్లు కూడా చూసీ చూడనట్టు పోనిచ్చేవారు.

ఆ సాయంత్రం గెన్షిరో చంకలో మూటతో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మా! తెచ్చానమ్మా!"

మినె మూట వైపు చూడనే లేదు. వాడి భుజాలూ చేతులూ గబగబా తడిమింది. "ఈ నెత్తురేమిట్రా?"

"నాది కాదమ్మా, నాది కాదు. నువ్వు ముందు విను." వాడి మొహం వెలిగిపోతోంది. "ఏటి ఒడ్డున రెల్లు దగ్గర ఒక్కడే కనిపించాడు. పెద్దమనిషే, ఇనప టోపీ మీద వెండి చంద్రవంక ఉంది. నీతో అబద్ధమెందుకు, నాకు కాళ్లు వణికాయి. అయినా పద్ధతి తప్పకుండా గొంతెత్తి పేరు చెప్పాను. సుగితాని ఊరి నాగై మతబె కొడుకుని, గెన్షిరోని, వచ్చి ఎదుర్కో అన్నాను. అంతే! ఉన్నచోటే ఆగిపోయాడు. ఈటె దించేశాడు. టోపీ విప్పి పక్కన పెట్టి నన్నే చూస్తూ నిలబడ్డాడమ్మా. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. నాన్న పేరు వినేసరికే హడలిపోయాడు!"

"మీ నాన్న పేరు వింటే నేనూ హడలేదాన్ని, పాట ఎత్తుకుంటాడేమోనని" అంది కుమె.

"మరి ఆ టోపీ ఏదిరా?" అంది మినె.

వాడి మొహం వాడిపోయింది. "వాళ్లవాళ్లు అరుచుకుంటూ వస్తుంటే తల ఒక్కటే పట్టుకుని పరుగెత్తాను. అదే నా ఏడుపు. టోపీ లేదు, పేరు తెలీదు, పళ్లు చూస్తే తెల్లగా ఉన్నాయి. ఎవడో బంటు తల అనేస్తారు. నువ్వు కాస్త నలుపు వేశావంటే…"

"నోర్ముయ్. మీ నాన్న ఎప్పుడైనా ఇలాంటి పని చేశాడా?"

"నాన్నకి అవసరం రాలేదు. నా ఈడువాళ్లలో నేనొక్కణ్ణే ఉత్తచేతుల్తో తిరుగుతున్నానమ్మా. కాపలావాళ్లు నన్ను ఖాళీ బుట్ట అని పిలుస్తున్నారు, తెలుసా? నా మొదటి తల ఇది. గోతిలో పడనివ్వకమ్మా."

మినె మూట అందుకుంది. "పోయి గంజి తాగు, చల్లారిపోతుంది" అంది. వాడు ఆమె భుజం మీద గడ్డం ఆనించి, చిన్నపిల్లాడిలా ఒక్క క్షణం ఉండి, కాపలాకి పరుగెత్తాడు. ఆ పిచ్చి సంబరం చూసి ఆమెకు కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

మూట విప్పింది. మొహమంతా బురద, జుట్టు చెంపల మీద అంటుకుపోయింది. తొట్టిలో పెట్టి చెంబుతో నీళ్లు పోస్తూ రోజూ చేసే పనిలాగే నుదురు రుద్దింది, కనుబొమలు రుద్దింది. బురద కరిగి జారిపోయింది. నీళ్ల అడుగు నుంచి ఆమె తండ్రి మొహం పైకి వచ్చింది.

మినె చేతులు ఆగిపోయాయి. తండ్రి పోయి ఎన్నేళ్లో అయింది. ఆ నుదురు, ఆ ముక్కు, కింది పెదవి కొంచెం ముందుకు వచ్చి అలిగినట్టుండే ఆ నోరు. ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థం కాకుండా ఉంటే బాగుండనిపించింది. వేలితో ఎడమ చెవి ముందు జుట్టు పక్కకు తీసింది. చెవి మొదట్లో సూదితో గుచ్చినట్టు చిన్న రంధ్రం కనబడింది. పుట్టుకతో వచ్చేది. తండ్రికి ఉండేది, తనకూ ఉంది, తమ్ముడికీ ఉంది. చిన్నప్పుడు వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఇందులోంచి నీ బుర్రలోకి చూస్తున్నానురా, లోపలంతా తిండే" అని ఏడిపించేది.

"తొరా" అంది పైకి వినపడకుండా.

తొరమాత్సు. ఆమె పెళ్లినాడు ఊరేగింపు వెంట సుగితాని దాకా నడిచి వచ్చి, అక్క కోసం పెట్టిన బియ్యపు ముద్దలన్నీ తనే తినేసి, రాత్రంతా కడుపునొప్పితో ఏడ్చినవాడు. మతబె వాణ్ణి భుజానెక్కించుకుని, ఊరంతా వినపడే తన గొంతుతో పాటలు పాడుతూ తిప్పాడు. ఆ మరుసటేడు, రెండు వంశాలూ ఇంకా సఖ్యంగా ఉన్న రోజుల్లోనే, ముగితాని వారిలో కొడుకులు లేని ఇవాసె ఇంటికి వాణ్ణి దత్తత ఇచ్చారు. వెళ్లేముందు "అక్కా, చూడ్డానికి వస్తావుగా?" అని అడిగాడు. వస్తానంది. ఆ తర్వాత ఏటి గొడవ మొదలై రాకపోకలు తెగిపోయాయి. ఇవాసె హ్యోగో అని పెద్ద పేరు పెట్టుకుని, పేరున్న ఈటెగాడయ్యాడని ఎవరో చెప్పుకుంటుంటే వినేది. "నీకు అటువైపు తమ్ముడున్నాడని తెలిస్తే మనల్ని అనుమానంగా చూస్తారు. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దు" అన్నాడు మతబె. ఆమె ఎత్తలేదు. కొడుకు పుట్టాక వాడికీ చెప్పలేదు.

అంటే మేనమామను చంపాడు తన కొడుకు. చంపి, తెచ్చి, తల్లి చేతిలో పెట్టి మురిసిపోయాడు.

అయ్యో, అంతటితో పోలేదు. సుగితాని ఊరి నాగై మతబె కొడుకుని అని వాడు అరిచాడు. ఈటె దించేశాడన్నాడు. టోపీ తీసి నన్నే చూశాడన్నాడు. భయమట! తొరా ఏం చూశాడో మినెకు తెలిసిపోయింది. అక్క కొడుకును చూశాడు. పోల్చుకున్నాడు. పోల్చుకుని, ఊరుకున్నాడు. ఆమె ఆ తడితలను ఎత్తి గుండెకు హత్తుకుంది. నోట్లో కొంగు కుక్కుకుంది.

కుమె దువ్వెన కింద పెట్టింది. "ఏమే మినె?"

"నా తమ్ముడు అత్తా."

ముసలిది కొడుకు మాట అడగలేదు, అంతా విన్నదేగా. తర్వాత లేచి వచ్చి మినె పక్కన కూలబడింది. "ఎవరితోనూ అనకు. నాతో అనేశావు, నాతోనే ఆపెయ్. వీడు పోయాడు, వీడికి పేరెందుకు? వాడు బతకాలి. మేనమామ తల నరికానని తెలిస్తే ఆ పిల్లవాడు అన్నం తింటాడా, నిద్రపోతాడా?"

"గోతిలో పారేస్తారు అత్తా. నా తొరాని గుర్రపుశాల వెనక పారేస్తారు. వాడికీ పెళ్లాం ఉంటుంది, పిల్లలుంటారు."

"ఉంటారు. అయితే ఏం చేస్తావ్?"

పేరు చెబితే తమ్ముడు ఇల్లు చేరతాడు, కొడుకు కూలిపోతాడు. చెప్పకపోతే కొడుకు నవ్వుతూ తిరుగుతాడు, తమ్ముడు కుళ్లిపోతాడు. ఎటు తిప్పినా ఆ రెండిట్లో ఒకటి పోతోంది. చివరికి మినె కళ్లు ఇనప రసం కుండ మీద పడ్డాయి.

"అత్తా, నల్లపళ్ల తల పీట ఎక్కుతుందిగా? పేరు లేకపోయినా ఎక్కుతుందిగా?"

"ఎక్కుతుంది."

"వాళ్ల సన్యాసి వస్తాడు. చూడగానే పోల్చుకుంటాడు. ఇంటికి తీసుకుపోతాడు. మధ్యలో నేను నోరు తెరవక్కర్లేదు."

కుమె ఆమెను తేరిపార చూసి, కుంపటి మీద ఇనప రసం వెచ్చబెట్టింది.

ఏ తలకూ అంత పని ఎవరూ చేసి ఉండరు. జుట్టు చిక్కు తీసి, నూనె రాసి, ఒక్కొక్క పాయా దువ్వి ముడివేసింది. చెంపకున్న గాటును పిండితో కప్పింది. ఇక నోరు. పళ్లు గట్టిగా కరుచుకుని ఉన్నాయి. చిన్నప్పుడు చేదు కషాయం తాగనని ఇలాగే బిగించేవాడు. "తెరువురా నాయనా, అక్కని" అంది. పెదవులు వేలితో పైకెత్తి, ముందు పొడి, తర్వాత రసం, మళ్లీ పొడి, ఒక్కో పన్నూ తుడుస్తూ, పూస్తూ, ఆ పుల్లటి కంపు కళ్లల్లోకి కొడుతుంటే కళ్లు తుడుచుకుంటూ చేసింది. ఎవరైనా చూస్తే ఆ కంపుకే కన్నీళ్లు అనుకుంటారు, అదొక్కటే మేలు. తమ్ముడికి తాను ఏమీ చెయ్యలేదు, ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్లలేదు. ఇప్పుడు చేస్తున్నది ఇది. ఇంతకన్నా ఏడుపు ఇంకోటి ఉంటుందా!

మర్నాడు పొద్దున తలలను కోట ముంగిట్లోకి మోసుకెళ్లారు. మంచు ఇంకా విడలేదు. దొర కవచంతో వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తెచ్చినవాళ్లంతా వరసగా మోకాళ్ల మీద ఉన్నారు. గెన్షిరో చివర్లో ఉన్నాడు, తల్లి కోసం వెతికి, పీట మీద నల్లపళ్లు చూసి, దొంగచాటుగా ఆమె వైపు నవ్వాడు. తలలు కడిగిన ఆడవాళ్లు గోడ వారన వంగి కూర్చున్నారు.

తలలను ఒక్కొక్కటిగా చూసేది హిరాగ అనే పెద్దాయన. దొర తండ్రి నాటి మంత్రి. ఆ వారం తలలు మరీ ఎక్కువ వచ్చాయి. అంతమంది గొప్పవాళ్లు ముగితానిలో ఎక్కడున్నారని దొర విసుక్కున్నాడట. హిరాగ ఆ పొద్దున మంచి మొహంతో లేడు. వరసలో నడుచుకుంటూ వచ్చి తొరా ముందు ఆగాడు. కళ్లు చూశాడు. ప్రశాంతంగా మూసి ఉన్నాయి, మంచి శకునమే. తర్వాత వేలితో పెదవి ఎత్తి, వంగి వాసన చూశాడు.

"ఇదెవరు తెచ్చారు?"

"నేనండి. నాగై గెన్షిరో."

"ఎవరిదయ్యా?"

"పేరు తెలియదండి. గొప్పవాడండి. తమరు చూస్తున్నారుగా, పళ్లు…"

"చూస్తున్నాను. ముక్కు కూడా ఉంది నాకు. ఏళ్ల తరబడి వేసుకున్న నలుపైతే చిగుళ్ల దాకా ఇంకి ఉంటుంది. ఇది రాత్రి పూసింది, ఇంకా కంపు పోలేదు." ఆయన వేలు తుడుచుకున్నాడు. "మతబె కొడుకువి కదూ నువ్వు? నీ తండ్రి ఏనాడూ కల్తీ తల తేలేదు. దొర ముందు దొంగతల పెట్టినవాడికి ఏం జరుగుతుందో తెలుసా?"

గెన్షిరో నుదురు నేలకు తగిలింది. వాడి వెనక ఎవరో "ఖాళీ బుట్ట" అని నవ్వారు. వాడి చెవులు ఎర్రబడటం అంత దూరం నుంచీ మినెకు కనిపించింది.

"దీన్ని అవతల పారెయ్యండి. ఈ అబ్బాయి ఈటె తీసేసుకోండి. శిక్ష సంగతి తర్వాత."

ఒక బంటు వచ్చి, ఆమె అంత ఓర్పుగా వేసిన ముడిలో వేళ్లు దూర్చి, తలను పీట మీద నుంచి ఎత్తాడు. అది వాడి చేతికింద అటూ ఇటూ ఊగింది. మినె ఆ ఊగడం చూసింది. పక్కన కుమె ఆమె కొంగు పట్టుకుని గట్టిగా లాగింది. మినె ఆ కొంగు విడిపించుకుని ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"అలా పట్టుకోకు! అది ఇవాసె హ్యోగో తల!"

ముంగిలంతా ఆమె వైపు తిరిగింది. దొర కూడా తల ఎత్తాడు. ఇవాసె హ్యోగో పేరు తెలియనివాడు ఆ కోటలో లేడు.

"కొడుకును కాపాడుకోడానికి అంటున్నావా?" అన్నాడు హిరాగ. "నీకెలా తెలుసు?"

ఇంకా వెనక్కి తగ్గవచ్చు. ఎక్కడో చూశానని ఏదో ఒకటి అనవచ్చు. కానీ నమ్మరు, నమ్మకపోతే ఇద్దరూ పోతారు. మినె ముందుకు నడిచింది. బంటు చేతిలోంచి తలను రెండు చేతులా తీసుకుని పీట మీద పెట్టింది. దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, తన ఎడమ చెంప మీది జుట్టు వెనక్కి తీసి, తమ్ముడి చెవి పక్కన తన చెవి పెట్టింది.

"చూడండి. మా నాన్న పోలిక ఇది. నా తమ్ముడండి."

హిరాగ వంగి ఆ చెవి చూశాడు, ఈ చెవి చూశాడు. పైకి లేచి దొర వైపు తిరిగి తల ఊపాడు. గెన్షిరో మాత్రం నేల మీదనుంచి తల ఎత్తలేదు. వాడి వీపు కదలడం లేదు.

దొర ఎంతగా కదిలిపోయాడంటే ముక్కాలిపీట మీద నుంచి లేచాడు. "సొంత మేనమామ అని కూడా చూడకుండా నాకోసం కత్తి ఎత్తాడు! తన తమ్ముడని తెలిసీ ఈ తల్లి కన్నీరు పెట్టకుండా తలకు సింగారం చేసింది! నా కొలువులో ఇలాంటి ఇల్లు ఉందని నాకు తెలియదే!" అన్నాడు. తన నడుముకున్న పొట్టి కత్తి తీసి గెన్షిరో చేతుల్లో పెట్టించాడు. ఇందాక నవ్వినవాళ్లే ఆహా అన్నారు. ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. మేనమామ అని వాడికి తెలియదు, ఆమె ఏడుస్తూనే సింగారించింది. కానీ దొర మెచ్చుకున్నాక అది కాదని ఎవరంటారు? గెన్షిరో ఆ కత్తిని రెండు చేతులా నెత్తిమీదికెత్తుకుని దణ్ణం పెట్టాడు.

మధ్యాహ్నానికి ముగితాని సన్యాసి వచ్చాడు. హ్యోగోను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తెల్లగుడ్డలో చుట్టేటప్పుడు మినె ఒక్కటే అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని. భార్య ఉందట, ఇద్దరు ఆడపిల్లలట. పెద్దదానికి అక్క పేరే పెట్టుకున్నాడట, మినె అని. ఆమె అక్కడే చతికిలబడి భోరుమని ఏడ్చింది. ఎవరేమనుకుంటారో అన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. సన్యాసి కొండదారి ఎక్కి కనుమరుగయ్యాక గానీ కుమె ఆమెను లేపలేకపోయింది.

"పో, వాణ్ణి చూసుకో. వాడు పొద్దుటి నుంచీ గంజి ముట్టలేదు" అంది ముసలిది.

గెన్షిరో కోట కింద ఏటి ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నాడు. దొర ఇచ్చిన కత్తి పక్కన పడి ఉంది. మినె గంజి గిన్నె వాడి దగ్గర పెట్టి, తనూ కూర్చుంది. నీళ్లు రాళ్ల మీద చప్పుడు చేస్తూ పోతున్నాయి.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీ నాన్న వద్దన్నాడు. తర్వాత ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు. తప్పు నాదేరా."

"ఆయన మంచివాడా?"

"తిండిపోతు" అంది మినె. నవ్వబోయి నవ్వలేకపోయింది. "మంచివాడు."

వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు ఎక్కడో లోపలి నుంచి వచ్చింది. "అమ్మా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నేను పేరు చెప్పాను. నాన్న పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను. ఆయన ఈటె దించాడు. ఆయన నా పేరు విన్నాడా?"

మినె గంజి గిన్నె వాడి వైపు జరిపింది. తమ్ముడి పేరు దాచలేకపోయింది. ఇది కూడా తెలిస్తే వీడు రేపు పొద్దున్నకి ఉండడు. అంత తేటగా తెలిసిపోయింది ఆమెకు.

"ఏం వింటాడురా నీ మొహం! నీ గొంతు నీ పళ్లు దాటి ఎప్పుడు వచ్చింది గనుక? చిన్నప్పుడు ఆకలి అన్నా నేను మూడుసార్లు అడగాల్సి వచ్చేది. పైగా ఆ ఏటి హోరు, ఆ శంఖాలు, చెవుల మీద ఇనప టోపీ. ఏం వినపడుతుంది?"

"మరి టోపీ ఎందుకు తీశాడు?"

"ఊపిరాడక. అంత బరువు కవచం మోసుకుని పరుగెడితే తియ్యడూ?"

"ఈటె దించాడు కదా."

"చేతులు పడిపోయి ఉంటాయి."

"ఏడ్చాడమ్మా. కళ్లల్లో నీళ్లు చూశాను."

"చెమటరా నాయనా. నీకు భయంలో చెమట ఏదో కన్నీళ్లేవో తెలిసిందా?"

వాడు ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాలని ఉంది వాడికి. నీళ్లలో కొట్టుకుపోయేవాడు గట్టున ఉన్న మనిషిని చూసినట్టు చూశాడు. "ఒట్టేనా?"

"ఒట్టు."

వాడు లేచి నిలబడ్డాడు. "అయితే నువ్వు ఆ పక్కకి వెళ్లు. ఆయన నిలబడిందీ అంతే దూరం. వెళ్లి నిలబడమ్మా."

మినె పలక వంతెన దాటి అవతలి ఒడ్డుకు వెళ్లింది. రెల్లు దగ్గర ఆగి, వాడి వైపు తిరిగింది. మధ్యలో ఏరు హోరుమంటోంది. వాడు కాళ్లు ఎడం చేసి నిలబడి, ఈటె లేని చెయ్యి ఈటె ఉన్నట్టే పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు.

"సుగితాని ఊరి నాగై మతబె కొడుకుని! గెన్షిరోని! వచ్చి ఎదుర్కో!"

రెల్లులోంచి ఒక కొంగ బెదిరి లేచిపోయింది. ఒక్క అక్షరం కూడా పోలేదు. అచ్చం మతబె గొంతే, తొరాను భుజానెక్కించుకుని పాటలు పాడిన ఆ గొంతే. వాడు చేతులు కిందికి జార్చి, కదలకుండా, ఆమె నోటివంక చూస్తున్నాడు.

మినె చెవి వెనక చెయ్యి పెట్టుకుంది.

"ఏమిట్రా?" అని అరిచింది. "వినపడలేదు నాయనా! ఏమన్నావ్?"